పళ్ళతో పట్టిన స్లయిడు

బాబాయ్ ఎప్పుడూ చిన్నగానే మొదలుపెడతాడు. ఆ రోజూ అంతే. టీ గ్లాసు మోకాలి మీద ఆనించుకుని, "పెద్ద గొప్పేం కాదులే గానీ, ఆ కొత్త పిస్తోలుకి స్ప్రింగు చుట్టింది నేనే" అన్నాడు.

ఆయన మాలో ఎవరికీ సొంత బాబాయ్ కాదు. ఎదురుగా ఉన్న తుపాకుల కార్ఖానాలో పెట్టెలకి మేకులు కొట్టడం ఆయన పని. మధ్యాహ్నం గంటకి ముందు గేటు బయట అక్క టీకొట్టులో బెంచీ ఎక్కుతాడు. సుత్తి కింద పెట్టాడంటే కొడవలి అందుకున్నట్టే, ఇక కోతలే.

ఆ పూట మాత్రం బెంచీ మీద ఎవరికీ నవ్వే ఓపిక లేదు. అక్క తమ్ముడు పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వాడి ముందు పెట్టిన టీ మీద మీగడ కట్టింది. గంట కొట్టాక ఆ కొత్త పిస్తోలు కాల్చాల్సింది వాడే.

అది సైన్యం కోసం చేస్తున్న నమూనా, ఇంకా పేరైనా పెట్టలేదు. ఒక తూటా పేలితే పైన తొడుగులా ఉండే ఉక్కు స్లయిడు ఆ దెబ్బకే వెనక్కి జారి, ఖాళీ తూటా గొట్టాన్ని బయటికి ఉమ్మేసి, ముందుకొస్తూ ఇంకో తూటాని తనే అందుకుంటుంది. వెనక్కి జారిన స్లయిడుని పట్టి ఆపేది ముందువైపు అడ్డంగా గుచ్చే ఒక ఉక్కు చీల. వేలెడంత కూడా ఉండదు. కాల్చిన ప్రతిసారీ పిస్తోలు విప్పేసి, ఒక్కో భాగాన్ని ఒక్కో బల్లకి పంపి, ఎంత అరిగిందో కొలిచి, మళ్ళీ బిగిస్తారు. చీల మరిచిపోయి బిగించినా పైకి ఏమీ తెలియదు, ఖాళీగా నొక్కితే బుద్ధిగా టక్కుమంటుంది. పోయిన వారం చీల ఏదో బల్ల మీదే ఉండిపోయింది. స్లయిడు ఎగిరొచ్చి, తల నెరిసేదాకా అక్కడ తుపాకులే పరీక్షించిన పెద్దాయన ముఖంలో దిగింది. ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు. చూసుకోకపోవడం ఆయన తప్పేనని లోపలివాళ్ళు తేల్చేశారు. ఆకురాయి పట్టినప్పుడు చెయ్యి వణకదని ఆయన జాగాలోకి తమ్ముణ్ణి పిలిచారు. రానంటే ఆకురాయి పని కూడా ఉండదన్నారు.

అక్క వెళ్ళొద్దంటోంది. వాడు ఏదీ తేల్చడం లేదు. ఆ మాట ఎత్తడానికి మాకెవరికీ నోరు రాక, బాబాయ్‌కి వదిలేశాం.

"చుట్టినవాడే కాల్చి చూడాలని ఇంజనీరు పట్టు పట్టాడు, నాకెందుకు బాబూ అంటే వింటాడా, గడ్డం పట్టుకున్నాడు, పోనీలే చదువుకున్నవాడు బతిమాలుతున్నాడు అని చేతిలోకి తీసుకుని, గోడ మీద సున్నం చుక్క ఒకటుంటే దానికి గురిపెట్టి ఒక్కటి వదిలాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చుక్క లేదు."

గోడైనా మిగిలిందా అని అడిగాను.

"గోడ దగ్గరికే వస్తున్నా, తొందరెందుకురా. నా చేతి స్ప్రింగు కదా, దానికి ఆగడం రాదు. మొదటి తూటా గోడ చేరకముందే రెండోది బయల్దేరింది, మూడోది ఆ రెండింటినీ దాటేసి ముందు తగిలింది, వెనకొచ్చినవాటికి దారి ఉంది కదా అని అన్నీ అందులోంచే దూరిపోయాయి. చిల్లు ఒక్కటే. చూడ్డానికొచ్చిన ఆఫీసర్లు, ఇదేమయ్యా, ఒక్కసారే కాల్చావా అన్నారు. నేను పలకలేదు. మనకి గొప్పలు చెప్పుకోవడం చేతకాదు."

అదొక్కటే మీలో లోపం అన్నాడు బెంచీ మీద నా పక్కనున్న పెయింటర్. బాబాయ్ ఒప్పుకున్నట్టు తలూపాడు.

"అంతలో సేనాధిపతి దిగాడు. దిగినవాడు ఓ పక్కన నిలబడొచ్చా? సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. ఇక్కడ తూటాలు అయిపోయాయి, పిస్తోలు మాత్రం ఆగలేదు, తినడం మరిగింది మరి. ఆయన కోటు గుండీలు ఒక్కొక్కటే లాక్కుని మింగడం, పేల్చడం. గుండీలయ్యాక పతకాలు. పతకాలయ్యాక బెల్టు బిళ్ళ. పాపం ఆ మహానుభావుడు ఒక చేత్తో కోటు, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు. జనమంతా సలాం కొడుతున్నారు, తిరిగి కొడదామంటే చెయ్యి ఖాళీ ఏదీ?"

నవ్వాం. ఉండాల్సిన దానికంటే గట్టిగానే నవ్వాం. స్టూలు మీద తమ్ముడి పెదవి కూడా కాస్త కదిలింది. అది బాబాయ్ కంటపడింది. చిన్నప్పుడు వాణ్ణి భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు, ఆ కాస్త నవ్వు చూసి ఇక ఆగలేకపోయాడు.

"సరిగ్గా అప్పుడే చీల ఊడింది."

అందరం నవ్వు ఆపేశాం. బాబాయ్ ఆపలేదు.

"ఊడితే ఊడనీ. స్లయిడు గాల్లోకి లేచి నా ముఖం మీదికే వస్తోంది, ఇంకొకడైతే కళ్ళు మూసుకునేవాడు, నేను నోరు తెరిచాను. పళ్ళతో పట్టాను. పట్టి, దాని జాగాలో దాన్ని ఎక్కించి, ముందుపన్ను ఒకటి పీకి చీల బదులు గుచ్చి మిగతా తూటాలు కాల్చాను. ఇదిగో, సందు చూడండి."

తూటాలు అయిపోయాయన్నారుగా అని పెయింటర్ గొణిగాడు. సేనాధిపతి జేబులో ఉన్నాయట, మధ్యలో అడ్డు రావద్దట. బాబాయ్ తమ్ముడి వైపు తిరిగి, వాడి మోకాలు తట్టాడు.

"కాబట్టి ఒరేయ్, గుండె దిటవు చేసుకో. చూపు గురి మీద పెట్టు, నోరు కాస్త తెరిచి ఉంచు, అంతే పని. పెద్దాయన నోరు మూసుకుని కాల్చాడు. అదీ అసలు సంగతి."

తమ్ముడు లేచాడు. చొక్కా సర్దుకుని, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. వాడి ముఖంలో కాస్త రంగు తిరిగింది, వెళ్ళొచ్చేస్తానక్కా అన్నాడు.

అక్క టీ వడపోస్తోంది. గిన్నె కింద పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు.

"బాబాయ్, ఈ పూట వాడి బదులు నువ్వెళ్ళి కాల్చు."

బాబాయ్ నవ్వబోయాడు. వయసైపోయిందన్నాడు. పడుచువాళ్ళుండగా ముసలాళ్ళు ముందుకొస్తే బావుండదన్నాడు.

"చెయ్యి తిరిగినవాడివి. పళ్ళు కూడా ఇంకా ఉన్నాయి. నేను లోపలికొచ్చి చెప్తాను, కాదనరు. వాళ్ళకి ఎవరో ఒకరు కావాలి, అంతే."

బాబాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. ఆయన నోరు తెరిచాడు. ఎప్పుడూ ఏదో ఒకటి దొర్లే నోరు. ఈసారి దొర్లిన మాట ఆయనకి తెలియకుండానే దొర్లింది.

"ఆ చీల గుచ్చారో లేదో నాకేం తెలుసమ్మా?"

తమ్ముడు ఆయన వైపు తిరిగాడు. గంట కొట్టారు. వాడు మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

గేట్లోంచి కాపలావాడు వచ్చి, కాల్చే అబ్బాయి ఏడీ, లోపల ఎదురుచూస్తున్నారన్నాడు. రాడు అంది అక్క. ఉద్యోగం ఉండదు మరి అన్నాడు. ఉండకపోతే పోనీ, రేపటి నుంచి ఇక్కడ గ్లాసులు కడుగుతాడు అంది. కాపలావాడు నీడలోకి వచ్చి, బెంచీ ఈ చివరి నుంచి ఆ చివరికి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు.

"పోనీ, మీలో ఎవరొస్తారు?"

పెయింటర్ తన గోళ్ళలో రంగు గీరుకోవడం మొదలుపెట్టాడు. నేను ఖాళీ గ్లాసులోకి తల దూర్చి తాగాను. బాబాయ్ అప్పటికే వంగి, బెంచీ కింద చెప్పులు వెతుక్కుంటున్నాడు. రెండు చెప్పులూ ఆయన కాళ్ళకే ఉన్నాయి.