మంగళవారపు అతిథి ఒప్పుకోలు

(గ్రాట్స్ నగరంలోని బ్రిటిష్–ఆస్ట్రియన్ స్నేహమండలి కార్యదర్శి శ్రీమతి హిలరీ థ్రెల్ఫాల్ పదవీ విరమణ సభలో, మండలి పూర్వాధ్యక్షులు ప్రొఫెసర్ ఆన్సెల్మ్ వీజర్ చేసిన ప్రసంగం)

నేడు మే నెల చివరి ఆదివారం. రెండు దేశాల మనుషులు ఒకరి భాషను ఒకరు తప్పుగా మాట్లాడుతూ, ఒకరి మనసును ఒకరు సరిగ్గా తెలుసుకోవడానికి ఏర్పరచుకున్న ఈ స్నేహమండలి, ముప్పై నాలుగేళ్ళు తనను నడిపించిన చేతిని గౌరవంగా విడిచిపెడుతున్న రోజు. కలయికకు పండుగ చేయడం అందరికీ తెలుసు. వియోగానికి కూడా పీట వేసి, పూలు పెట్టి, దానికొక మర్యాద కల్పించడం పెద్దలు నేర్పిన సంస్కారం. ఆ సంస్కారానికే ఇవాళ మనం సభ అని పేరు పెట్టుకుని కూర్చున్నాం.

సభాధ్యక్షురాలు డాక్టర్ ఇర్మ్‌గార్డ్ లైట్‌గెబ్ గారికి, వేదికను అలంకరించిన పెద్దలకు, ఇంత చక్కని ఎండను కాదనుకుని ఈ గదిలోకి వచ్చిన మిత్రులకు, తనను పొగుడుతారన్న భయంతో ఇప్పటికే చేతిసంచీలో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తున్న శ్రీమతి హిలరీ థ్రెల్ఫాల్ గారికి నా నమస్కారాలు. (నవ్వులు)

అధ్యక్షురాలు నాకు పన్నెండు నిమిషాలు అనుగ్రహించారు. నలభై ఏళ్ళు లాటిను, గ్రీకు పాఠాలు చెప్పినవాడికి పన్నెండు నిమిషాలంటే గొంతు సవరించుకోవడానికి సరిపోయే వ్యవధి. (నవ్వులు) అయినా ఇవాళ నేను తొందరగానే ముగించాలి. ఎందుకంటే పొగడ్తతో పాటు నా దగ్గర మరొకటి ఉంది. ముప్పై రెండేళ్ళుగా మోస్తున్న ఒక అబద్ధం. హిలరీ గారు శుక్రవారం రైలెక్కి ఇంగ్లండులో, లాంకాస్టర్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి శాశ్వతంగా వెళ్ళిపోతున్నారు. ఆ లోగా దాన్ని ఆమె ముందు దించుకోవాలి. ఆమె క్షమిస్తారో లేదో నాకు తెలియదు. అది తెలుసుకోకుండా ఆమెను సాగనంపలేను.

ముందుగా పాత రోజులు. అప్పట్లో మన గురువారం సమావేశాలు ష్పోర్‌గాసె వీధి మలుపులో, ఇప్పుడు కళ్ళద్దాల దుకాణం ఉన్నచోట, ఒక భోజనశాల మేడగదిలో జరిగేవి. ఆకుపచ్చ పెంకుల పొయ్యి చుట్టూ తడిసిన ఉన్నికోట్లు ఆరుతూ ఉండేవి. ఆ కోట్ల ఆవిరీ, గుమ్మడి గింజల నూనె పోసిన బీన్స్ వాసనా, ఇంగ్లండు నుంచి డబ్బాల్లో వచ్చిన టీ వాసనా కలిసి, అది మా దేశమూ కాని, వారి దేశమూ కాని ఏదో మూడో దేశపు గాలిలా ఉండేది. బ్రిటిష్ వారు జర్మన్‌లోనే, మేము ఇంగ్లీషులోనే మాట్లాడాలన్నది అక్కడి కట్టుబాటు. ఎవరి భాషలో వారు మాట్లాడుకుంటే అందరూ పండితులే. ఎదుటివారి భాషలోకి దిగితే న్యాయాధిపతి నుంచి దంతవైద్యుడి దాకా అందరం సమానంగా పసివాళ్ళం. ఆ గదిలో నాతో కూర్చుని నవ్వినవారిలో సగానికి పైగా ఇవాళ కొండవాలు శ్మశానాల్లో, కొందరు సముద్రానికి ఆవలి మట్టిలో నిద్రపోతున్నారు. గురువారం సాయంత్రం కిటికీకి వాన తగిలితే ఇప్పటికీ వాళ్ళ తప్పుల జర్మన్ నా చెవిలో వినిపిస్తుంది.

నన్ను అక్కడికి లాక్కువెళ్ళింది నా భార్య ఓటిలీ. "చచ్చిపోయిన భాషలతో ఎంతకాలం కాపురం చేస్తావు? రా, బతికున్నవాళ్ళతో కాసేపు మాట్లాడుదువుగాని" అనేది. తొంభై రెండు ఫిబ్రవరిలో ఆమె కన్నుమూసింది. సెప్టెంబరు దాకా నేను ఆ మేడమెట్లు ఎక్కలేదు. ఎక్కిన మొదటి గురువారం, కోటు తొడుక్కుంటున్న నా దగ్గరికి హిలరీ గారు వచ్చి, వచ్చీరాని జర్మన్‌లో, "ప్రొఫెసర్ గారూ, మీరొకసారి మా ఇంటికి భోజనానికి రావాలండీ" అన్నారు.

ఇంగ్లండులో పుట్టినవారందరికీ దీనికి జవాబు తెలుసు. "ఎంత మాట, తప్పకుండా!" అనడం, టోపీ పెట్టుకోవడం, ఈ జన్మకు వెళ్ళకపోవడం. (నవ్వులు) మా స్టీరియా ప్రాంతంలో రమ్మంటే రమ్మనే. నేను జేబులోంచి డైరీ తీసి, "ఏ రోజండీ?" అన్నాను.

ఆ తర్వాతి కథ మీకందరికీ వచ్చు. కొత్తవారి కోసం చెబుతాను. మంగళవారం సరిగ్గా ఆరు గంటలకు, తిథివారాలు చూసుకుని మరీ బయల్దేరిన అతిథినై, మా ఆచారం ప్రకారం బేసి లెక్కన ఏడు పసుపుపచ్చ పూలు, కాగితం విప్పి చేత్తో పట్టుకుని గంట మోగించాను. తలుపు తీసిన హిలరీ గారి చేతిలో రంగు కుంచె ఉంది. లోపల ఆమె భర్త డెస్మండ్ నిచ్చెన మీద గోడకు సున్నం వేస్తున్నారు.

"డెస్, మన గురువారాల ప్రొఫెసర్ గారొచ్చారు!"

"ఎందుకూ?"

"భోజనానికి!"

నిచ్చెన మీద కుంచె ఆగింది. "ఎవరింటి భోజనానికి?" (పెద్దగా నవ్వులు)

కాల్చిన రొట్టె మీద డబ్బాలోని తియ్యటి బీన్స్ పోసి పెట్టారు. ఎలా ఉందని అడిగారు. అడిగారు కాబట్టి చెప్పాను: "చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. కానీ వేడిగా ఉంది." బయల్దేరేటప్పుడు హిలరీ గారు, "మళ్ళీ తప్పకుండా రావాలి సుమండీ" అన్నారు. నేను మళ్ళీ డైరీ తీశాను. "వచ్చే మంగళవారం, ఆరింటికి?" ఆమె డెస్మండ్ వైపు చూశారు. ఆయన తడిగోడ వైపు చూశారు. "అయ్యో, అంతకన్నానా!" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో. అలా ప్రతి మంగళవారమూ. రానని చెప్పడం నాకు మర్యాద కాదు, రావద్దని చెప్పడం వారికి మర్యాద కాదు. ఇద్దరి మర్యాదల మధ్య పాపం ఎన్ని బీన్స్ డబ్బాలు ఖాళీ అయ్యాయో! (నవ్వులు)

ఏటా క్రిస్మసు విందులో డెస్మండ్ నా వేషం కట్టి ఈ కథ ఆడి చూపించేవారు. ఆయన పోయాక హిలరీ గారు చెబుతూ వచ్చారు. దాని నుంచే మన మండలికి ఒక నియమం పుట్టింది: రోజూ గంటా చెప్పకుండా ఎవరూ ఎవరినీ పిలవరాదు, పిలిస్తే వెళ్ళి తీరాలి. ఆ నియమం వల్ల ఈ ఊళ్ళో ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో, ఎందరు ఒంటరివాళ్ళకు వారానికొక సాయంత్రం దొరికిందో మీరే సాక్ష్యం. మీలో చాలామంది దాన్ని నా పేరుతోనే పిలుస్తారు. కల్లాకపటం తెలియని ఒక ఆస్ట్రియన్ ముసలాయన మాటను మాటగా నమ్మినందుకు కట్టిన గౌరవం అది.

(చేతిలోని కాగితం మడిచి)

మిత్రులారా, అందులో కల్లా ఉంది, కపటమూ ఉంది.

ఐదో వారం గురువారం నాడు, ఇదిగో ఇక్కడే ఉన్నారు, మన బేసిల్ ఆటర్‌బర్న్ గారు, మోటారు కర్మాగారం ఇంజనీరు, నన్ను పొయ్యి పక్కకు పిలిచారు. "ఏమయ్యా వీజరూ, ఒక మాట చెప్తా, ఏమీ అనుకోకు. మావాళ్ళు 'మళ్ళీ రండి' అంటే అది తలుపు వేసుకునే ముందు అనే మాటయ్యా. అంతే. మంగళవారం వస్తే ఏం వండాలో తెలీక ఆవిడ తల పట్టుకుంటోంది. డెస్మండ్ ఫుట్‌బాల్ ఆట చూసి నెలరోజులైంది. ఇంక చాలించు" అన్నారు.

ఆ రాత్రి నేను సిగ్గుతో చితికిపోయాను. తరువాతి మంగళవారం వచ్చింది. మంగళవారాల్లో నా పాఠాలు మధ్యాహ్నానికే అయిపోయేవి. మా గోడగడియారానికి కీ ఇచ్చేది ఓటిలీ. ఆమె పోయాక నేను ఇవ్వలేదు. కాబట్టి ఇంట్లో చప్పుడన్నదే లేదు. ఐదున్నరకు బూట్లు తొడుక్కున్నాను, విప్పాను. మళ్ళీ తొడుక్కున్నాను. ఆరింటికి వాళ్ళ గుమ్మం ముందు ఉన్నాను, ఏమీ ఎరగనివాడి ముఖం పెట్టుకుని. ఆ ముఖం ఎలా పెట్టాలో నాకు నా విద్యార్థులే నేర్పారు. ఆ వారమే కాదు, వేసవి సెలవుల దాకా పెట్టాను. తెలిసి వెళ్ళాను. ఆ పళ్ళెం నాది కాదని తెలిసి తిన్నాను. ఆ తరువాత అందరూ నా అమాయకత్వానికి నవ్వుతుంటే, అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

పాత కవులు చెప్పిన ఒక కథ ఉంది. దేవతలు బిచ్చగాళ్ళ వేషంలో ఒక పేద ముసలి దంపతుల గుడిసెకు వస్తే, ఆ దంపతులు కుంటి బల్ల కాలికింద కుండపెంకు పెట్టి, ఉన్నదంతా వడ్డించారట. ఎండవేళ గుడారం ముందు కూర్చున్న వృద్ధుడొకడు దారినపోయే ముగ్గురిని చూసి ఎదురు పరుగెత్తిన కథ మన పవిత్ర గ్రంథం బైబిలులోనూ ఉంది. ఈ కథలు చెబుతూనే నా జుట్టు నెరిసింది. కానీ దేవతలు వేషం కట్టుకుని వస్తే అది ఆతిథ్యానికి పరీక్ష. మనిషి వేషం కట్టుకుని వస్తే దానికి మరో పేరుంది. హిలరీ గారూ, లాంకాస్టర్‌లో నన్ను ఎరగనివాళ్ళకు మీరు ఈ కథ చెబుతారు. అబద్ధాన్ని మీ పెట్టెలో సర్ది పంపలేను. నన్ను మన్నించండి.

(శ్రీమతి థ్రెల్ఫాల్ లేచి నిలబడ్డారు.)

"ప్రొఫెసర్ గారూ, ఒక్క నిమిషం ఇస్తారా? బేసిల్‌ని మీ దగ్గరికి పంపింది నేనే."

(సభలో కలకలం. "ఆమె చెప్పొద్దని ఒట్టేయించుకుందయ్యా!" అని ఆటర్‌బర్న్ గారు.)

"నువ్వు ఊరుకో బేసిల్. అవునండీ, నేనే పంపాను. నా నోటితో నేను చెప్పలేక. ఇంక మీరు రారని డెస్ టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు కూడాను. ఆరింటికి గంట మోగింది. తలుపు తీసి మీ మొహం చూశాను. నలుగురు పిల్లల్ని పెంచినదాన్ని, ఏమీ తెలీనట్టు నటించే మొహం నాకు తెలీదా? వంటింట్లోకెళ్ళి డెస్‌తో అన్నాను, 'ఈయనకి తెలుసు. తెలిసీ వచ్చాడు. ఎంత కష్టంగా ఉంటే వచ్చుంటాడో చూడు. ఇంక ఈయన మనింటి మనిషే' అని. అప్పటిదాకా మీకు పెళ్ళినాటి ప్లేట్లలో పెట్టేదాన్ని. ఆ రోజు అంచు విరిగినది పెట్టాను. అంచు విరిగినది మేం పరాయివాళ్ళకి పెట్టమండీ."

(ఆమె కూర్చున్నారు. ప్రొఫెసర్ గారు ఆమె వైపు తిరిగారు.)

ఆ విరిగిన అంచు... నేను గమనించాను, హిలరీ గారూ. అది విసుగుకు గుర్తు అనుకున్నాను. ముప్పై రెండేళ్ళు అలాగే అనుకున్నాను. (నవ్వులు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.)

"మీ ఇద్దరి మధ్యా నన్ను శుద్ధ మొద్దును చేశారు కదా!" అంటున్నారు ఆటర్‌బర్న్ గారు. నిజమే బేసిల్, మీకు కూడా ఒక క్షమాపణ బాకీ. (నవ్వులు)

ఇక నాకు చెప్పడానికేమీ మిగల్లేదు. మోసపోయానని తెలిసి మోసగాడి ముందు పళ్ళెం పెట్టి, ఆ సంగతి అతనికి కూడా తెలియనివ్వని మనిషిని ఏ మాటతో పొగడాలో నా రెండు మృతభాషల్లోనూ దొరకలేదు. అధ్యక్షురాలికి, నన్ను ఓపికగా భరించిన మీకందరికీ, పై లోకంలో ఎక్కడో నిచ్చెన మీద ఉన్న డెస్మండ్‌కు కృతజ్ఞతలు. హిలరీ గారికి కృతజ్ఞత చెప్పను. ఇంటివాళ్ళకు ఎవరూ చెప్పరు.

చివరి మాట, అదిగో తలుపు పక్కన ఇంకా కోటు విప్పకుండా కూర్చున్న అమ్మాయికి. బ్రిటన్‌లోని స్వాన్సీ ఊరి నుంచి మన ఆసుపత్రికి నర్సుగా వచ్చి మూడు వారాలైందట. అమ్మా, నీకూ, నీ తరువాత ఈ గది వెతుక్కుంటూ రాబోయే వారందరికీ ఈ ముసలివాడి ఆశీస్సు: మీ ఒంటరితనాన్ని మీరు ఎంత నేర్పుగా దాచినా కనిపెట్టేవారు ఒకరు ఈ ఊళ్ళో మీకు దొరుకుగాక. కనిపెట్టి కూడా మిమ్మల్ని చిన్నబుచ్చకుండుదురుగాక. ఒకనాడు మీ గుమ్మం ముందు ఎవరైనా అలాగే నిలబడితే, గుర్తుపట్టే కళ్ళు మీకు కలుగుగాక. సెలవు.