గోడెక్కిన నీళ్ళు

అబద్ధం చెప్పాలని బోర్డులు రాసే బాబాయికి ఎప్పుడూ ఉండదు. పాపం, నిజమే చెబుదామని మొదలుపెడతాడు. నాలుగు మాటలు దాటేసరికి ఆ నిజానికి కాళ్ళొస్తాయి, ఈయన దాని వెనకాల పరిగెడతాడు. ఆ మధ్యాహ్నం ముసురు పట్టి టీ కొట్టు రేకుల మీద చినుకులు పడుతుంటే, బల్ల మీద కాలు మీద కాలేసుకుని రెండో గ్లాసు అందుకున్నాడు.

"పన్నెండు ఇళ్ళు. నాలుగే రోజులు. ఒక్కణ్ణే," అన్నాడు.

సంగతి అక్కడున్న వాళ్ళకి తెలిసిందే. పోయినేడు వరదకి ఈ పల్లపు వీధంతా మునిగింది. వానలు మునుపటిలా లేవు, కాలం కాని కాలంలో మీద పడుతున్నాయి, పడ్డప్పుడల్లా ముందు మునిగేది లేనివాళ్ళ ఇళ్ళే. అది ఊరందరి కళ్ళకీ కనబడాలని వీధివాళ్ళు కూడబలుక్కున్నారు. నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో ప్రతి గోడకీ అంత ఎత్తున నీలం వేయించారు. ఎవరింట్లోంచి ఏది కొట్టుకుపోయిందో ఆ నీలంలో తేలుతున్నట్టు బొమ్మ వేయించారు. కుట్టుమిషను, బడిసంచి, ఒంటి చెప్పు, పెళ్ళిఫొటో. రేపు పొద్దున ఆఫీసర్లు ఆ గోడలు చూడటానికొస్తున్నారు. గుమ్మం పైకమ్మి దాకా మునిగిన ఇళ్ళవాళ్ళని ముందుగా మెట్ట మీద కట్టిన కొత్త ఇళ్ళలోకి మారుస్తారట.

"ఒక్కడివే ఎక్కడ బాబాయ్? సున్నం నేను కొట్టలేదూ?" అన్నాడు ప్లంబరు.

"సున్నం కొట్టడం కూడా ఒక పనేనట్రా? విను. నీలం వేసిన మర్నాడు పోస్టుమాన్ వచ్చాడు. వీధి మొదట్లో ఆగాడు, అటూ ఇటూ చూశాడు, ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని, ఉత్తరాల సంచి నెత్తిన పెట్టుకుని మరీ నడిచాడు. ఒట్టు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్కణ్ణించో ఒక కొంగ వచ్చి, గోడ మీద నేను వేసిన చేపని టపీమని పొడిచింది. ముక్కు వంకరపోయింది. ఇప్పటికీ అది పక్కకి తిరిగే తింటోంది, పాపం."

"చేప ఎవరింట్లోంచి కొట్టుకుపోయింది బాబాయ్?" టీ కొట్టాయన అమాయకంగా అడిగాడు.

"అది నా తరఫున వేశాన్లే!"

అందరూ నవ్వారు, ఒక్క ఇస్త్రీ అమ్మాయి తప్ప. కొట్టు పక్కనే ఆమె బండి. తల వంచుకుని ఎవరిదో చొక్కా చేతులు సాపు చేస్తోంది. వీధిలో చిట్టచివరి ఇల్లు ఆమెది.

బాబాయి గొంతు తగ్గించాడు. తగ్గించాలని తగ్గించలేదు, అదే తగ్గింది. ఎందుకంటే చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క నిజం. ఆ చివరింటి గోడ మీద నీలం పెరుగుతోంది. కళ్ళారా చూశాడు. ఆ గోడ దాటేటప్పుడు ఆయన ఒళ్ళు జలదరిస్తోంది. కథలో పెట్టి పదిమందికీ చెప్పేస్తే కాస్త తేలికవుతుందేమోనని ఆశపడ్డాడు.

"నవ్వకండిరా. ఆ నీళ్ళు గోడెక్కుతున్నాయి. రోజుకి నాలుగు వేళ్ళు. కొలిచాను. పొద్దున వెళ్ళేసరికి కుట్టుమిషను మునిగిపోయి ఉంటుంది. మూడో ఇంటి బడిసంచి అయిదో ఇంటి గోడ మీదికి చేరింది. పెళ్ళిఫొటోలో ఉన్నవాళ్ళు మెడలు పైకెత్తారు, నేను అలా వేయలేదు! చెయ్యి పెడితే తడి. పిండితే బిందెడు నీళ్ళు."

"ఊరుకో బాబాయ్," అన్నాడు ప్లంబరు. కానీ ఈసారి నవ్వలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నిన్న చివరింటి గోడ ముందు నిలబడ్డాను. మెడ దాకా వచ్చేసింది నీలం. ఇక లాభం లేదని పంచె ఎగ్గట్టి దూకాను. ఈదాను! రంగులో! నా నీళ్ళు గదా, నన్ను ముంచవు. ఈదుతూ ఈదుతూ గోడ లోపలికెళితే ఏం వినబడిందో తెలుసా? టక్... టక్... టక్. లోపల్నించి ఎవరో గోడ కొడుతున్నారు. గిన్నెతోనో, గ్లాసుతోనో. ఆగవే అని నేనొక్క అరుపు అరిచాను. అంతే, నీళ్ళు ఆగిపో..."

ఇస్త్రీపెట్టె ఠక్కున బండి మీద కూర్చుంది.

"ఆ చప్పుడు సంగతి మీకెవరు చెప్పారు బాబాయ్?"

బాబాయికి ఎవరూ చెప్పలేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది.

"మా అమ్మ మంచంలో ఉంది. లేవలేదు. నేను బట్టల మూటలతో మెట్ట మీద చిక్కుకుపోయాను. అమ్మ గ్లాసుతో గోడ కొట్టిందట. పక్కింటివాళ్ళు కప్పు మీదనించి విన్నారు. దిగలేకపోయారు. కాసేపటికి ఆగిపోయిందట."

బాబాయి గ్లాసు కింద పెట్టేశాడు.

"మీ నీళ్ళు గోడెక్కలేదు. నేనెక్కించాను," అంది ఆమె. చేతులు చాపింది. గోళ్ళ సందుల్లో నీలం. "మీరు మా అరుగు మీద వదిలేసిన డబ్బాలోదే. బొమ్మ వేసే రోజే చెప్పాను, మా ఇంట్లో ఇంత కాదు, గుమ్మం పైకమ్మి దాకా మునిగిందని. మీరప్పుడు కొంగ కథ చెబుతున్నారు. మీరెళ్ళాక ఉన్న ఎత్తున గీశాను. మర్నాడు వచ్చి, గీత వంకరగా ఉంది, ఎవరిదీ ఆకతాయి పని అంటూ సున్నం కొట్టించేశారు. అందుకే రోజుకి నాలుగు వేళ్ళు. అలా అయితే మీ కంట పడదనుకున్నాను."

"అదేంటమ్మా, నేను ప్రతి గోడకీ కొలిచే గీశాను! అక్షరాలకి గీతలు కొట్టే కర్ర నేలకి ఆనించి, ప్రతి ఇంటికీ సరిగ్గా నడుం ఎత్తున..."

"నేలకి ఆనించా?" ప్లంబరు లేచి నిలబడ్డాడు. "వీధి చివరికి వాలు గదా బాబాయ్! నీళ్ళు ఎక్కడైనా వాలుగా నిలబడతాయా?"

ముప్ఫయ్యేళ్ళుగా బోర్డులు రాస్తున్నాడు. గీత గడపకి సమానంగా ఉంటే అందం, అంతే తెలుసు ఆయనకి.

"మీ గీత దగ్గరే నీళ్ళు ఆగి ఉంటే," అంది ఇస్త్రీ అమ్మాయి, "మా అమ్మ మంచం మీదే గోడకి జారగిలబడి కూర్చునేది బాబాయ్. బతికి ఉండేది."

రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలిచే లెవెల్ పైపుని ప్లంబరు తన సైకిల్ మీంచి తీసి, ఇంకో చుట్ట కలిపి నీళ్ళు నింపాడు. వీధిలో మొదటి గోడ టీ కొట్టుదే. దాని మీద గీత సరైనదేనని, నీళ్ళు తన నడుం దాకా రావడం తను చూశానని కొట్టాయన చెప్పాడు. ప్లంబరు ఒక కొస అక్కడ ఆనించి పట్టుకున్నాడు. రెండో కొస పట్టుకుని బాబాయి వానలో పన్నెండో ఇంటి దాకా నడిచాడు.

చివరి గోడకి పైపు ఆనించాడు. పైపులో నీళ్ళు ఆయన నడుం దగ్గర ఆగలేదు. ఛాతీ దాటాయి. ఇస్త్రీ అమ్మాయి నిన్నటిదాకా పెంచుకుంటూ వచ్చిన గీత, గుమ్మం పైకమ్మికింకా రెండు జానల కింద ఉన్నది, అదీ దాటాయి. బాబాయి చెయ్యి పైకెత్తుతూనే ఉన్నాడు. గుమ్మం పైకమ్మి దాటాక, ఆయన తల మీదుగా జానెడు ఎత్తున నీళ్ళు నిలిచాయి. తలెత్తి చూస్తూ అలాగే ఉండిపోయాడు.

వెనకాలే గొడుగు పట్టుకుని వచ్చిన టీ కొట్టాయన అడిగాడు.

"ఆ తర్వాత ఏమైంది బాబాయ్?"

బాబాయి ఇస్త్రీ అమ్మాయి వైపు తిరిగి, "స్టూలు ఉందా అమ్మా? నాకు అందడం లేదు," అన్నాడు.