పాలు పడని మనిషికి పాలకేంద్రం

అధ్యక్ష స్థానంలో ఉన్న పశువుల డాక్టరుగారికీ, సంఘం పెద్దలకీ, పొద్దున్నే పాలు పోసి, ఇంటికెళ్లి బట్టలు మార్చుకుని మళ్లీ వచ్చిన సభ్యులందరికీ, రెండో వరుసలోంచి ‘తొందరగా ముగించండి’ అని సైగ చేస్తున్న నా భార్యకీ నమస్కారాలు. (నవ్వులు)

ఇంతసేపూ నా గురించి చెప్పినవన్నీ విన్నాను. అందులో సగం నిజమైనా నేను ఇంట్లో ఇన్నేళ్లు అన్ని మాటలు పడేవాణ్ణి కాదు. గోడగడియారం ఇచ్చారు, చాలా బాగుంది. రేపటి నుంచి తెల్లవారుజామున లేవక్కర్లేని మనిషికి గడియారం ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, వాళ్లకి నా మీద పాత కోపం ఏదో ఉండి ఉండాలి. (నవ్వులు) ఇది డబ్బాలు కడిగే గది కాబట్టి నేల ఇంకా ఆరలేదు, వెనక వరుసవాళ్లు కుర్చీలు వెనక్కి వాల్చకండి.

నా గురించి నేను చెప్పుకునేది పెద్దగా లేదు. పాలు కొలిచాను, చీటీ రాశాను, ట్యాంకరు ఎక్కించాను. ఇవాళ తేలవలసిన సంగతి వేరే ఉంది. నా తర్వాత ఈ కేంద్రాన్ని, ఇక్కడ పాలు పరీక్ష చేసే అమ్మాయికి, అదే మన పరీక్షమ్మకి అప్పగించాలని కమిటీ అనుకుంది. అదుగో, గోడ పక్కన, నా మాటలు తనని గురించి కానట్టు కిటికీలోంచి బయటికి చూస్తోంది. ‘పాలు తాగని మనిషి పాలకేంద్రం ఎలా నడుపుతుంది?’ అని మీలో కొంతమంది అడ్డం పడ్డారు. సభ్యులు ఒప్పుకుంటేనే ఆమె మేనేజరు, లేకపోతే పై సంఘం నుంచి ఎవరినో పంపిస్తారు. అందుకని మాట్లాడతాను.

మన పద్ధతి మీకు తెలుసు, బయటినుంచి వచ్చిన అతిథుల కోసం చెబుతున్నాను. కేంద్రం పెట్టిన కొత్తలో మా మీద ఎవరికీ నమ్మకం లేదు. అప్పటి అధ్యక్షుడు ఒక ఏర్పాటు చేశాడు. పొద్దుటి పాలన్నీ కలిపాక అందులోంచి తీసి కాచి, వరుసలో ఉన్నవాళ్లందరూ చూస్తుండగా మేనేజరు కిటికీ దగ్గర నిలబడి ఒక గ్లాసు తాగాలి, ఆ తర్వాతే ట్యాంకరు కదలాలి. నేను వచ్చినప్పటినుంచీ ఆ గ్లాసు నాదే. నా పొట్ట చూస్తే ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. (నవ్వులు)

పోయిన వానాకాలం నాకు జ్వరం వచ్చి రాలేకపోయాను. ఆ రోజు గ్లాసు తన వంతుకి వస్తే, ‘నాకు పాలు పడవండీ’ అని పరీక్షమ్మ చెప్పింది. ట్యాంకరు డ్రైవరు హారను కొడుతున్నాడు, మీరందరూ చూస్తున్నారు. పాపం, తాగింది. కాసేపటికి కడుపు పట్టుకుని పెరటివైపు పరుగెత్తింది. అంతే, మధ్యాహ్నానికల్లా పాలలో ఏదో కలిసిందన్న మాట పుట్టింది. సాయంత్రానికి అది ఇంకా పెరిగింది: ‘కలుస్తోందని ఆమెకి ముందే తెలుసు, అందుకే ఇన్నాళ్లూ తాగలేదు.’ మర్నాడు ఎవరో ఆమె భోజనం డబ్బాలోకి తొంగి చూశారు. చూస్తే పెరుగు! ఇక చెప్పాలా? పాలు పడనిదానికి పెరుగెలా పడుతుంది, అంతా నాటకం అన్నారు. ఈ మాట మొదట అన్నది ఎవరో నేను చెప్పను. మూడో వరుసలో పెద్దమ్మ తల వంచుకుంది కాబట్టి చెప్పనక్కర్లేదు. (నవ్వులు) అంతకు వారం ముందు ఆవిడ పాలడబ్బాని పరీక్షమ్మ ఎందుకు వెనక్కి పంపిందో కూడా చెప్పను. చెబితే ఆవిడ భోజనం చేయకుండా వెళ్లిపోతుంది.

మన పరీక్షమ్మ పెద్దాసుపత్రికి వెళ్లి, గొట్టంలోకి ఊది, పరీక్ష చేయించుకుని వచ్చింది. ఆ కాగితంలో ఉన్నదాన్ని మన డాక్టరుగారు బయట అరుగు మీద కూర్చుని మనందరికీ విప్పి చెప్పారు. పాలలో ఒక రకం చక్కెర ఉంటుంది. అది ఒకే తాడుకి కట్టిన రెండు దూడల్లాంటిదట. అలా కట్టి ఉన్నంతసేపూ పేగు గోడ దాటి ఒంట్లోకి వెళ్లలేదు. తాడు విప్పేవాడు ఒకడుండాలి. వాడి పేరు లాక్టేజ్, ఎంజైము. వాడు తక్కువైతే దూడలు రెండూ అలాగే పెద్దపేగులోకి వెళతాయి. అక్కడి సూక్ష్మజీవులకి అది విందు. మనిషికి మాత్రం ఉబ్బరం, నొప్పి, పరుగు. పెరుగులోనైతే తోడుపెట్టిన సూక్ష్మజీవులే ముందుగా కొన్ని తాళ్లు విప్పేస్తాయి, కడుపులోకి వెళ్లాక మరికొంత సాయం చేస్తాయి. అందుకే చాలామందికి పాలు పడకపోయినా పెరుగు పడుతుంది.

అప్పుడు పెద్దమ్మ అడిగింది, గుర్తుందా? ‘అయితే డాక్టరు బాబూ, ఈ పిల్ల చిన్నప్పుడు తల్లిపాలు తాగలేదా?’

‘తాగింది పెద్దమ్మా. పసితనంలో ఆ ఎంజైము బాగానే పనిచేస్తుంది. పెద్దయ్యేకొద్దీ చాలామందిలో పని తగ్గించేస్తుంది.’

‘అలా చెప్పు. మా ఆయన లాంటిదన్నమాట!’ (నవ్వులు, చప్పట్లు)

అందరం నవ్వాం. నవ్వుతూ అర్థమైపోయిందనుకున్నాం, పూర్తిగా కాలేదు. మన ట్యాంకరు డ్రైవరు కూతురికి పాలు తగిలితే పెదవులు వాస్తాయి. ‘అక్కకి పాలు పడవు, పెరుగు పడుతోంది, మా పాపకీ అంతే అయ్యుంటుంది’ అని ఆ తండ్రి ఒక చెంచా పెరుగు పెట్టాడు. పిల్ల ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి పిల్లికూతలు. పాలతో నిండిన ట్యాంకరులోనే పిల్లని వేసుకుని ఆసుపత్రి గుమ్మంలో దింపాడు.  అది వేరే జబ్బు. అక్కడ లోటు ఎంజైముది కాదు. ఒంటి కాపలా కుక్క పాలలోని మాంసకృత్తుని దొంగ అనుకుని మీదపడుతుంది. చుక్కైనా, చెంచా అయినా, పాలైనా, పెరుగైనా దానికి ఒకటే. ఎంజైము మాత్ర వేసినా ఆగదు. ఒకటి కడుపు బాధ, రెండోది ప్రాణం మీదికొచ్చే సంగతి. రెండింటినీ ‘పడదు’ అనే ఒక్క మాటతో మనం కలిపేశాం. పాప ఇప్పుడు బాగానే ఉంది, మొదటి వరుసలో కూర్చుంది. ఏమయ్యా, ఆ చేతిలో బిస్కెట్లు ఎవరిచ్చారు? పొట్లం వెనక చదివావా? ... చదివాడట. మంచిది.

మాత్ర అన్నాను కదా, పరీక్షమ్మ బాధకి అలాంటిది దొరుకుతుంది. ముందు అది మింగి గ్లాసు తాగమని నేనే సలహా ఇచ్చాను. ఆమె ఏమందో వినండి. ‘ఇంట్లో తాగాలనిపిస్తే మింగుతానండీ. కాని నా పని పాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్పడం. అది నమ్మనివాళ్లు నేను గ్లాసు తాగితే నమ్ముతారా? రేపు మాత్ర సంగతి తెలిస్తే దాన్నీ నాటకమే అంటారు.’

నాకు ఈ ఉద్యోగం వదలాలని లేదు. అది ఇంట్లో చెప్పలేదు, ఇక్కడ చెప్పేశాను, రాత్రికి అడుగుతారు. వదలక తప్పదు కాబట్టి చూడటం వచ్చిన మనిషి చేతిలో పెట్టి వదలాలని ఉంది. నేను తాగి చూపించానే గాని, నీళ్లు కలిసిన పాలు కూడా హాయిగా తాగేశాను. పట్టుకున్నది ఆమె.

అందుకని నా ప్రతిపాదన ఇది. గ్లాసు ఉండాలి, కాని మేనేజరు తాగడం మానేద్దాం. రోజూ పాలు పోసిన సభ్యుల్లో ఒకరు తాగాలి. మీ పాలు, మీ నోరు. పడనివాళ్లు పక్కకి తప్పుకోవచ్చు, ఎందుకని ఎవరూ అడగకూడదు. దీనికీ, పరీక్షమ్మ మేనేజరు కావడానికీ ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి.

(కుర్చీ జరిగిన చప్పుడు)

పెద్దమ్మా, నువ్వు లేచావెందుకు?

‘ఎత్తాలంటే భుజం నొప్పిరా, అందుకని లేచాను. రేపటి గ్లాసు నాకు రాయి. కాని నా పాలు నా కళ్లముందే పరీక్ష చెయ్యాలి.’

(పరీక్షమ్మ, కిటికీ దగ్గర్నుంచి) ‘మీ కళ్లముందే చేస్తాను పెద్దమ్మా. బాగాలేకపోతే మీ కళ్లముందే వెనక్కి పంపుతాను.’

‘పంపు! నువ్వు మేనేజరువి కదా, పంపకపోతే నీ ఉద్యోగం ఎందుకు?’ (పెద్దగా నవ్వులు)

వినబడిందా, డాక్టరుగారూ? మేనేజరు అంది. మిగతా చేతులు కూడా లేస్తున్నాయి, లెక్క మీరు చూడండి. నాతో పనిచేసినవాళ్లకీ, నన్ను భరించినవాళ్లకీ కృతజ్ఞతలు. అమ్మాయ్, కిటికీలోంచి చూసింది చాలు, ఇటొచ్చి మాట్లాడు, మైకు నీది. నాకు సెలవిప్పించండి.