జర్మనీకి సదానందం సంతకం

సదానందం జర్మనీ పేరు ఎత్తని రోజంటూ లేదు గానీ, ఆ సాయంత్రం మాత్రం నిజంగానే ఎత్తొద్దనుకున్నాడు. అలా అనుకునే మట్టెవాడలో జానీ మియా చాయ్ హోటల్‌కు వచ్చి కూర్చున్నాడు. పన్నెండు రోజుల కింద జర్మనీ నుంచే, ఈసారి నిజం జర్మనీ నుంచే, అతని ఫోన్‌కు ఒక మెయిల్ వచ్చింది. జానీ మియా బిడ్డ మెహనాజ్ అక్కడ మొక్కల రోగాల మీద రీసెర్చ్ చేయడానికి స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టుకుంది. ఆమె గురించి ఇద్దరు రాయాలి. ఒకరు పాఠం చెప్పిన సారు, ఇంకొకరు ల్యాబ్‌లో ఆమె పని రోజూ కళ్లారా చూసిన మనిషి. సారు రాసేశాడు. రెండో పేరు సదానందానిది. మెయిల్‌లో లింకు నొక్కితే ఫారం వస్తుంది, ఫారంలో మూడో గడి 'మీ హోదా' అని అడుగుతుంది. ఆ గడి దగ్గరే పన్నెండు రోజులుగా అతని వేలు ఆగిపోయింది.

ఎందుకంటే ఇరవై ఏళ్లుగా ఈ హోటల్లో సదానందం సైంటిస్టు. కాలేజీలో మాత్రం, రెండేళ్ల కింద రిటైరయ్యేదాకా, బాటనీ ల్యాబ్ అటెండరు. ఆ సంగతి చాయ్ తాగేవాళ్లకు తెలియదు. మెహనాజ్‌కు తెలుసు, కానీ ఆ పిల్ల ఎన్నడూ ఎవరితో అనలేదు.

అతని ఖర్మకు, ఎదురు బల్ల మీద విత్తనాల దుకాణం వీరభద్రం కూర్చుని ఉన్నాడు.

"సదానందం అన్నా, మా తమ్ముని కొడుకు జర్మనీ పోత పోత అని పానం తీస్తాండు. నీకు తెల్వని జర్మనీయా, జర చెప్పరాదే."

సదానందం కాసేపు చాయ్ ఊదుకున్నాడు. నాలుక నిలవనియ్యలేదు.

"నేను పెద్దగ జేసిందేం లేదు వీరభద్రం. తొంభై ఎనిమిదిల మా కాలేజీకి జర్మనీ ప్రొఫెసర్ ఒకాయిన వచ్చిండు. పిల్లలు వేరు ముక్కను బ్లేడుతోని పల్చగ కోసి మైక్రోస్కోపు కింద పెడ్తాన్నరు, ఒక్కనికి సక్కగ వస్తలేదు. నేను క్యారెట్ ముక్క నిలువున చీరి, నడుమ ఆ వేరు పెట్టి, సర్రున కోసి ఇచ్చిన. గంతే. ఆయన సూసి గుడ్ అన్నడు."

ఇంతవరకు జరిగిందే. ఇక్కడ ఆపి చాయ్ తాగేస్తే ఏ గొడవా ఉండకపోను. కానీ వీరభద్రం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. పక్కనే జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడిపే భానుచందర్ కూడా షట్టరు సగం దించి వచ్చి నిలబడ్డాడు. వినేవాళ్లు ఇద్దరున్నాక ఆగడం సదానందానికి చేతగాదు.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? గుడ్ అన్నోడు ఊకుంటడా, మూడు నెలలు రీసెర్చ్‌కు రమ్మని టికెట్ పంపిండు. పోయిన. ఆడ ముప్పై దేశాల పిల్లలున్నరు, అందరు మొకాలు ఏలాడేసుకొని ఒక మిషిని ముందట కూసున్నరు. ఆకులు కోసే మిషినట, గీ హోటలంత ఉంటది, ఖరాబైంది, ఎవ్వని రీసెర్చ్ కదుల్తలేదు. నేను జేబుల కెల్లి గడ్డం గీసుకునే బ్లేడు తీసిన..."

"విమానంల బ్లేడు రానియ్యరు గద మామా?" అన్నాడు భానుచందర్.

"ఆడనే కొన్న తియ్, నడుమల రాకు. కోసిన. ఎంత పల్చగనంటే, పేపరు మీద పెడ్తే కిందున్న వార్త చదువొచ్చు. ఇంకోటి కోసిన, అది పెడ్తే అవతలి పేజీ వార్త గూడ చదువొచ్చు. ఇగ మూడోది కోసిన సూడు, దానికి ఒక్క పక్కనే ఉన్నది. తిప్పి సూస్తే ఆకే లేదు."

పొయ్యి దగ్గర జానీ మియా పకపకా నవ్వాడు. "యా అల్లా! తిప్పితే ఏడికి పాయె సదానందం భాయ్?"

"గదే గద రీసెర్చ్! ముప్పై దేశాలోళ్లు ఆ ఒక్క ప్రశ్న మీద ముప్పై పీహెచ్‌డీలు జేసిండ్రు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? అండ్ల ఒకడు తుమ్మిండు. ఆకు లేసింది, కిటికీల కెల్లి పోయింది, బార్డర్ దాటి ఫ్రాన్స్‌ల పడ్డది. మాదంటే మాదని రెండు సర్కార్లు లొల్లికి దిగినయ్. నేనే నడుమవడి ఇద్దరికి చెరొక పక్క పంచిచ్చిన."

"ఒక్క పక్కనే ఉన్నదంటివి?" అన్నాడు వీరభద్రం.

"పంచేటప్పుడు రెండు జేసిన. వినరాదే!"

చొక్కా జేబులో ఫోన్ గుర్రుమంది. చూడకుండానే అతనికి తెలుసు, అది ఆ యూనివర్సిటీ వాళ్లు పంపే గుర్తుచేసే మెయిలు. ఈ వారంలో నాలుగోది. జేబు మీద అరచెయ్యి అదిమిపెట్టి ఇంకా గట్టిగా మాట్లాడాడు. ఆ చప్పుడు తనకు వినపడకుండా ఉండాలి, అంతే.

"ఇగ ఆళ్ల సర్కారు రూల్ పెట్టింది. ఏ దేశపోడైనా సరే, జర్మనీల చదువాలంటే సదానందం సంతకం ఉండాలె. పాస్‌పోర్టు తర్వాత, వీసా తర్వాత, ముందుగాల నా సంతకం. పొద్దుగాల లేస్తే రూము ముందట లైను. ఆ లైను పోయి పోయి ఏర్‌పోర్టుల విమానాలు దిగే జాగల గూడ నిలవడ్డరు, విమానాలు దిగలేక మీదనే తిరుగుతానయ్. తింటాంటె సంతకం, పంటే సంతకం. ఇయ్యాల ఆడ ఎంత పెద్ద సైంటిస్టయినా సరే, ఆని కాయిదం మీద నా సంతకం..."

"మరి నాది ఒక్కటి పెట్టకపోతివి గద కాకా."

మెహనాజ్ ఎప్పుడు వచ్చిందో, హోటల్ మెట్టు మీద నిలబడి ఉంది. చేతిలో ఫోన్ తెర అతని వైపు తిప్పి పట్టుకుంది.

"అందరికి పెట్టినవు. నాదే పన్నెండు రోజుల సంది పెండింగ్ ఉన్నది. ఇయ్యాల ఆరింటికి బందైతది."

వీరభద్రం నవ్వబోయి, ఆ పిల్ల మొహం చూసి మానేశాడు. గోడ గడియారంలో అయిదుంబావు. సదానందం చెవులు వేడెక్కిపోయాయి. నెట్టు రాలేదని చెబుదామనుకున్నాడు, ఆ పిల్ల ముందు ఆ అబద్ధం ఆడలేకపోయాడు.

"అది గాదు బిడ్డా... నేను రాస్తే నీకే నష్టమని. నా అసుంటోడు రాసింది ఎవడు సూస్తడు?"

"ఆళ్లు అడిగింది నా పని సూసినోళ్లను. నేను నా ఫారంల నీ పేరు పక్కన ల్యాబ్ అటెండర్ అనే రాసిన కాకా. నాకేం నామోషీ లేకుండె."

హోటల్లో అందరూ విన్నారు. ఇరవై ఏళ్ల సైంటిస్టు ఆ ఒక్క మాటతో కుదేలైపోయాడు. నామోషీ తనది, నష్టం మాత్రం ఆ పిల్లదవుతుందని పన్నెండు రోజులూ తెలిసే ఊరుకున్నాడు. అది తలచుకుంటే లేచి ఎటైనా పోవాలనిపించింది.

తన గురించి రాసేది తను వినకూడదని మెహనాజ్ లోపలికెళ్లి గ్లాసులు కడగసాగింది. భానుచందర్ సదానందం ఫోన్ తీసుకున్నాడు. దుకాణంలో దరఖాస్తులు నింపేటప్పుడు ప్రతి గడీ గట్టిగా చదవడం అతని అలవాటు, ఇప్పుడూ అలాగే చదివాడు.

"చదువు?"

"పది. ఫేలు."

"హోదా?"

సదానందం బల్ల వైపు చూస్తూ చెప్పాడు. "ల్యాబ్ అటెండర్. రిటైర్డ్."

"విదేశాలల్ల చదివిన, పనిచేసిన అనుభవం?"

జానీ మియా పొయ్యి మంట తగ్గించాడు.

"లేదు. పాస్‌పోర్టే లేదు. రాయి."

"ఇగ ఆఖరిది. అభ్యర్థి పని గురించి మీరు సూసింది చెప్పాలె."

ఇంతసేపు జర్మనీని, ఫ్రాన్స్‌ను ఆడించిన మనిషి ఇప్పుడు ఒక్కో మాటా తూచి చెప్పాడు.

"మా కాడ పిల్లలకు సెక్షన్లు, గవే మైక్రోస్కోపు కింద పెట్టే పల్చటి ముక్కలు, నేనే కోసిచ్చేది. పరీక్షలప్పుడు గూడ. స్లైడ్ల మీద పేర్లు ఆళ్లవి. కొందరు పై దేశాలు గూడ పోయిండ్రు. ఈ పిల్లకు కోసిస్తనంటే వద్దన్నది. మిరప వేర్లు తనే కోసింది, రోజుకు నలభై, మూడు నెలలు. నేను ఎనకాల నిలవడి నవ్విన. ఇప్పుడు నాకన్న పల్చగ కోస్తది."

భానుచందర్ బొటనవేలు తెర మీద ఆగింది.

"రోజుకు నలభయ్యా? మామా, ఇది నిజమేనా? అబద్ధమని తేలితే దరఖాస్తు కొట్టేస్తమని కింద రాసిండ్రు."

"నిజం. ఒట్టు."

ఆ ఒట్టును ఎవరూ పట్టించుకోలేదు. వీరభద్రం గ్లాసులోకి చూస్తున్నాడు. సదానందం జానీ మియా వైపు చూశాడు, ఇరవై ఏళ్ల దోస్తు, ఆయనైనా నమ్మకపోతాడా అని. జానీ మియా అతన్ని అడగలేదు. లోపలికి తిరిగి బిడ్డను అడిగాడు.

"సచ్ హై క్యా బేటా?"

మెహనాజ్ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎడమ చెయ్యి చాపింది. బొటనవేలి అంచునా చూపుడువేలి మీదా సన్నటి బ్లేడు గాట్లు, మానినవి, ఒకదాని మీద ఒకటి, లెక్కపెట్టలేనన్ని. భానుచందర్ వాటిని చూసి, ఇంకేం అడగకుండా టైపు చేసి పంపేశాడు. ఆ పిల్ల గురించి సాక్ష్యం చెప్పాల్సిన వాడికి ఆ పిల్లే సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. సదానందం ఆ చేతి వైపు చూడలేక తల దించుకున్నాడు.