ఆసుపత్రి గుమ్మం దాకా చేరినవాళ్ళు

సభాధ్యక్షులు, మన ఆసుపత్రి పెద్ద తిరుపతిరావుగారికి, ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మా నర్సు ఫ్లోరెన్స్‌గారికి, జగ్గయ్యపేట, నందిగామ అంబులెన్సుల సిబ్బందికి, పెద్దలకు నమస్కారం. ప్రమాదాల్లో గాయపడ్డవాళ్ళను ఎలా కాపాడాలో ఫ్లోరెన్స్‌గారు ఈ సిబ్బందికి నేర్పారు. ఆ నేర్పు వల్ల నిజంగా ప్రాణాలు నిలుస్తున్నాయో లేదో తేల్చమని యూనివర్సిటీ నన్ను పంపింది. నేర్పినందుకు ఆవిడకు జీతమిస్తే, అనుమానించినందుకు నాకు ఇస్తారు. (నవ్వులు)

చిల్లకల్లు దగ్గర మిరపకోతకు వెళ్తున్న ఆటో బోల్తాపడిన రోజు నేను అంబులెన్సులోనే ఉన్నాను. దేవమణిగారు (అదిగో, రెండో వరసలో, తల దించుకోకండమ్మా) రోడ్డు మీద పడి ఉంటే, మన అంబులెన్సు బాషా ఆమె తొడ గాయాన్ని రెండు చేతులా అదిమిపట్టి కూర్చున్నాడు. "చూస్తా కూర్చున్నావేంటయ్యా, ఎత్తి బండిలో పడెయ్" అని ఒకాయన మీదిమీదికొస్తుంటే, బాషా తలెత్తకుండానే, "బాబాయ్, నువ్వే రా. ఈమె తల కదలకుండా పట్టుకో. ఇక్కడ నీ అంత గట్టోడు ఎవరూ లేరు" అన్నాడు. ఆయన నోరు మూతపడి, చేతులు పనిలో పడ్డాయి. కేకలేసేవాడికే ముందు పని అప్పజెప్పాలన్నది ఫ్లోరెన్స్‌గారి పాఠం. నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

అయినా అనుమానం పోలేదు. శిక్షణ తర్వాత ఆసుపత్రిలో చావులు తగ్గకపోగా కాస్త పెరిగాయి. ఇక ఈ శిక్షణ ఎందుకన్న మాట పైనుంచి వినబడింది. ఫ్లోరెన్స్‌గారి విరమణతో పాటే అదీ ఆగిపోయేట్టు కనబడింది. అప్పుడు తట్టింది నాకు. ఇదివరకు దారిలోనే పోయినవాళ్ళు ఆసుపత్రి లెక్కలోకి రానే రాలేదు కదా! ఇప్పుడు అంత పెద్ద దెబ్బలు తగిలినవాళ్ళూ ఊపిరితో గుమ్మం దాకా వస్తున్నారు. కొందరు అక్కడ పోతున్నారు, ఎక్కువమంది ఇంటికెళ్తున్నారు. రోడ్డు మీద పడ్డ దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా లెక్క మళ్ళీ వేశాం. బతికి ఇంటికెళ్ళినవాళ్ళు పెరిగారు. కీసర వైపు రోడ్డూ బాగుపడింది, అదీ కొంత కారణం కావచ్చు, అంతా శిక్షణ చలవేనని ప్రమాణం చేయలేను. (ఫ్లోరెన్స్‌గారు నవ్వుతున్నారు, నా అనుమానం ఆవిడకు అలవాటే.) కానీ ఈ మాట ఈ సభలోనే చెప్పాలని వారం రోజులుగా నోరు బిగపట్టుకుని తిరుగుతున్నాను, కాలు ఒకచోట నిలవడం లేదు.

ఇందాక టీ తాగుతూ తిరుపతిరావుగారు, "సరేనమ్మా, శిక్షణ ఆపం. బాషాని నేర్పమందాం" అన్నారు. ఆయన నెమ్మదిగా అన్నారు, నేను మైకులో అంటున్నాను. ఇంతమంది విన్నాక వెనక్కి తీసుకోలేరు సార్. (చప్పట్లు)

బాషా, అలా తల గోక్కోకు, సోమవారం పొద్దున్నే కొత్తవాళ్ళు వస్తారు. ఫ్లోరెన్స్‌గారూ, ఆ రోజు మాత్రం మీరు రావద్దు. వచ్చారంటే వీడు మళ్ళీ వెనక బెంచీలో కూర్చుంటాడు.

అందరికీ కృతజ్ఞతలు. సెలవు.