పిడి ఒకదానిది, బ్రేకు ఒకదానిది

కొచ్కోర్ ఊరి బజారు చివర ఒక ఇనుప కంటెయినరు. మేస్త్రి అనే అర్థంలో అందరూ ఉస్తా అని పిలిచే సత్కిన్‌బాయ్ అందులో సైకిళ్ళు బాగుచేస్తాడు. పశువులకు టీకాలు వేసే జిపార్, అతని తమ్ముడి కోడలు, తన సైకిల్ తెచ్చి అతని ముందు నిలబెట్టింది.

"ఏమిటే ఇది? సైకిలా, పెళ్ళి విందు నుంచి మోసుకొచ్చిన ఎముకల సంచా?"

"సైకిలే మామయ్యా. ఇంటి దగ్గర నుంచి తోసుకుంటూ వచ్చాను."

"తోసుకుంటూనా? ఎక్కి రావచ్చుగా."

"ఎక్కితే దిగాలి. దిగాలంటే అది ఆగాలి."

"ఆగదా?"

"ఎందుకాగదు? ఎదురుగా గుర్రమో గోడో ఉంటే ఠక్కున ఆగుతుంది."

"సరేలే. ఆ తలుపెందుకు వేశావు?"

"గాలి మామయ్యా. దుమ్ము వచ్చి మీ కొత్త కళ్ళలో పడుతుందని."

"ఆ మాట బాగుంది. వసంతంలో బిష్కెక్ వెళ్ళి కంటి పొరలు తీయించుకున్నానా, ఇప్పుడు కొండమీద మేకకు గడ్డం ఉందో లేదో ఇక్కడి నుంచే చెబుతాను."

"తెలుసు మామయ్యా. మా కుక్కకు కూడా చెప్పారు."

"బ్రేకు పిడి నొక్కు. ఇంకా. ఇంకా నొక్కమ్మా, పిల్లిని నిమురుతున్నావా?"

"హ్యాండిల్‌కు ఆనిపోయింది. ఇంకా నొక్కితే నా వేళ్ళు నలుగుతాయి."

"హా! దొరికింది. చక్రం దగ్గరున్నది పొడుగు చేతుల బ్రేకు. అది రిమ్మును పట్టాలంటే వైరు బారెడు లాగాలి. ఈ పిడేమో పాత రకం బ్రేకుది. గోరంత లాగి, నా పనైపోయిందని కూర్చుంటుంది. చూస్తే రెండు పిడులూ కవల పిల్లలే. బిగిస్తే బిగుస్తాయి కూడా. తేడా అంతా ఇదుగో, వైరు తగిలించే ఈ చోటే. వేలెడు కూడా లేదు. కళ్ళున్నవాడికి కనపడుతుంది."

"కళ్ళున్నవాడికి."

"అదే అంటున్నా. ఇక చైను చూడు. ఎనిమిది గేర్లది. వెనకున్నవి పది గేర్ల పళ్ళచక్రాలు. లావుపాటి వియ్యపురాలు గొర్రెల దొడ్డి సందులో ఇరుక్కున్నట్టుంది."

"అందుకేనా ఎక్కుడులో టకటకమంటుంది? ఆ చప్పుడు విని గొర్రెలు ముందే పారిపోతున్నాయి. సూది వస్తోందని వాటికి అర్థమైపోయింది."

"ఉండు ఉండు. గేరు మీట తొమ్మిదింటిది! పళ్ళచక్రాలు పది, మీట తొమ్మిది, చైను ఎనిమిది. బిగించినవాడు అంకెలు వెనకనుంచి నేర్చుకుంటున్నాడా?"

"రేపు కొండ కనుమ దాటి వేసవి మేత బయళ్ళకు వెళ్ళాలి మామయ్యా. అవతల పద్నాలుగు కిలోమీటర్లు దిగుడే. రేపు వెళ్ళకపోతే టీకా మందు పాడైపోతుంది. దీనిమీదే వెళితే నేను పాడైపోతాను."

"ఎవడు బిగించాడు? పేరు చెప్పు."

"పేరెందుకు, పిడి మార్చండి."

"మారుస్తాను. ముందు పేరు. ఆ దున్నపోతు మెడలో ఈ పిడి కట్టి బజారంతా తిప్పుతాను."

"నేను చెప్పకూడదు."

"ఏం, భయమా?"

"కోడల్ని కదా. మెట్టింటి పెద్దల పేర్లు నోట అనకూడదు. ఆసుపత్రిలో మామగారి పేరడిగితే 'గుమ్మానికి తల కొట్టుకునే ఆయన' అన్నాను. అలాగే రాసుకున్నారు."

"ఓహో, మెట్టింటి పెద్దా! ఇంకేం, నా తమ్ముడు మంబెతేగా?"

"కాదు. ఆయనకు స్పానరు ఇస్తే దానితో టీ కలుపుకుంటారు."

"అయితే మీ బావ కుబాత్. లారీ టైర్లు విప్పే చేతులకు సైకిల్ ఏం తెలుస్తుంది?"

"ఆయనా కాదు. అంతకంటే పెద్దవారు. మామగారికంటే పెద్ద."

"మంబెత్‌కంటే పెద్దవాడు ఆ ఇంట్లో ఎవడున్నాడే? మా నాన్న పోయి ఇరవయ్యేళ్ళయింది."

"తాతగారు కాదు. ఆయన్ని తిట్టకండి."

"మరెవడు? ఎప్పుడు బిగించాడు?"

"పోయిన శరత్తులో. బంగాళాదుంపలు తవ్వుతున్న రోజుల్లో."

"శరత్తులోనా... శరత్తులో నాకు... ఉండు."

"టీ పోయనా మామయ్యా? లేకపోతే మెడకు కట్టే తాడు వెతకనా?"

"ఆ పిడి... వేళ్ళతో తడిమి చూశాను. సరిపోయిందే అనుకున్నాను."

"బిగించడంలో వంక లేదు మామయ్యా. ఇప్పటికీ ఊడలేదు."

"ఇందాకటి నుంచి దున్నపోతని, అంకెలు రానివాడని తిడుతుంటే వింటూ నిలబడ్డావా?"

"పెద్దలు మాట్లాడుతుంటే కోడలు అడ్డు రాకూడదు కదా."

"నీ నోరు... సరే. ఇటియ్యి. నా సైకిల్ అచ్చం ఇలాంటిదే, దానివి విప్పి వేస్తాను, పిడులూ చైనూ మీటా అన్నీ. సాయంత్రానికి తీసుకుపో. రేపు ఆ దిగుడులో గొర్రెపిల్ల అడ్డొచ్చినా ఆగుతుంది."

"మరి మీకు?"

"నేను నడుస్తాను. ముసలివాడికి నడక మంచిదేలే. కానీ జిపార్, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. ఆ శరత్తులో చేతికందినవన్నీ తడిమి తడిమి బిగించాను. అయినా ఎవరూ ఒక్క మాటనలేదు. అంటే మిగతావన్నీ బాగానే ఉన్నట్టేగా?"





"ఆ తలుపు కాస్త తోసి చూడండి మామయ్యా. పోస్టుమ్యాన్ ఓమూర్‌బెక్, పంతులమ్మ బూరుల్, రొట్టెలమ్మే ఆవిడ, మొత్తం పదకొండు మంది. అందరూ సైకిళ్ళు తోసుకుంటూనే వచ్చారు. ఎవడు బిగించాడని మీరు అడుగుతారని వాళ్ళకు తెలుసు. మీ ముఖం మీదే మీ పేరు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఎలాగూ చెప్పకూడనిదాన్ని కదా అని ముందు నన్ను పంపారు."