దక్షిణపు దండుకి అడ్డం పడ్డ గడప

గవరమ్మకి గుండెల్లో రాయి పడిందంట. ఎందుకంటే, కొడుకు ముత్యాలేమో కోటగోడ మీద బల్లెం పట్టుకుని నిలబడ్డాడు, కొత్తల్లుడు పైడయ్యేమో అదే కోటని కొట్టడానికొచ్చిన దండులో ఉన్నాడు. అన్నదమ్ములైన రాజులిద్దరికీ చెడింది కదా, ఏటికి ఉత్తరం అన్నగారిది, దక్షిణం తమ్ముడిది అనుకో. తమ్ముడు ఊరూరా తిరిగి కుర్రాళ్ళని పోగేసి దక్షిణపు దండని పేరెట్టాడు. పేరు ఘనమే! అందులో సగంమంది మొన్న వైశాఖంలో ఈ కోటలో పిల్లల్ని చేసుకున్నోళ్ళే. బావ మీదకి బావమరిది, మేనమామ మీదకి మేనల్లుడు. రాజులకేంటి, మేడమీద కూచుంటారు. ఎవడి చేతిలో ఎవడు పోయినా ఏడవాల్సింది గవరమ్మే.

తెల్లారి ఏమైందంటే, దండు కోట తలుపులు పడగొట్టింది. పడగొట్టి చూస్తే దారికడ్డంగా ఒక గడప! పసుపు రాసి, బొట్లు పెట్టి ఉంది. గవరమ్మ తన ఇంటి గడప పీకించి తెచ్చి అక్కడ వేయించిందంట. దానవతల కోటలో అత్తలందరూ వరసగా కూచున్నారు. "అల్లుళ్ళూ, మేమందరం ఈ గడప దాటాం. ఇది ఆషాఢం. అత్త దాటిన గడప కొత్తల్లుడు దాటితే ఎంత అరిష్టమో మీ అమ్మలు చెప్పే ఉంటారు. ఇక మీ ఇష్టం" అందంట గవరమ్మ. ఇంకేముంది, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. పైడయ్యైతే బల్లెం వెనక దాక్కున్నాడు. బల్లెం ఎంత లావుంటుందర్రా! నవ్వకండి, మీరైనా అంతే.

దండుని నడిపించే దళవాయి సూరన్నకి ఒళ్ళు మండిపోయింది. ఆడూ మనోడే, నలభై ఏళ్ళొచ్చినా పెళ్ళికాలేదు. "నాకు అత్తా లేదు, గిత్తా లేదు, నేను దాటతా" అని కత్తి దూసి వచ్చాడంట. గవరమ్మ ఆణ్ణి కిందనుంచి పైదాకా చూసి, "ఇంత మంచి మనిషికి ఎవరూ పిల్లనివ్వలేదా? నా రెండో పిల్లనిస్తాను బాబూ, చేసుకుంటావా?" అందంట. ఆషాఢంలో పెళ్ళిమాటలేంటంటావా సత్తెమ్మా? అంత ఆత్రంలో ఉన్నోడికి మాసం గుర్తుంటుందా! కత్తి ఒరలో పెట్టి, మీసం దువ్వి, "పిల్ల ఎర్రగా ఉంటుందా?" అన్నాడంట. పైడయ్య ఏదో చెప్పబోయి, అత్త చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు. "మరి నువ్వూ అల్లుడివే కదా, శ్రావణం దాకా అవతలే ఉండు నాయనా" అంది గవరమ్మ.

అలా దండంతా గడప బయట కూచుని, అత్తలు పంపిన గారెలు తింటా ఉంది. ఈలోగా వానలు పడ్డాయి, నేల పదునెక్కింది, ఒక్కొక్కడే దుక్కి దున్నుకోడానికి జారిపోయాడు. దండు లేని రాజు ఎవరితో కొట్లాడతాడు? అన్నదమ్ములు సర్దుకున్నారు.

శ్రావణం రాగానే సూరన్న కొత్తపంచె కట్టి, చీరా పళ్ళూ పట్టుకుని గవరమ్మ ఇంటికొచ్చాడు. అత్తా, పిల్లేదీ అన్నాడంట. "ఉన్నది ఒక్కతే బాబూ, పైడయ్య పెళ్ళాం" అంది. "ఇంత మోసమా!" అని అరిచాడు. గవరమ్మకి కళ్ళనీళ్ళొచ్చేశాయి. "ఒక్కదాన్నిచ్చినందుకే, కొడుకు శవం మీద పడి ఏడవాలో, అల్లుడి శవం మీద పడి ఏడవాలో తెలీక చచ్చిపోయాను. రెండోదుంటే మాత్రం, దండుని తెచ్చినోడికిస్తానా బాబూ?" అందంట.

సూరన్న చీర అక్కడే పెట్టి ఎళ్ళిపోయాడు. తమ్ముడు రాజుగారు మాత్రం దక్షిణపు దండు వానలకి వెనక్కి తగ్గిందని రాయించుకున్నాడు. మరేం రాయిస్తాడర్రా, అత్తలకి భయపడిందనా!